గాలామెకు తలుపెవరు తీశారు

మా అక్కకు అచ్చులో పడ్డ మాట మీద నమ్మకం, నా నోట్లోంచి వచ్చిన మాట మీద అనుమానం. రెండూ చిన్నప్పటి నుంచి ఉన్నవే. రెండోదానికి ఆమెను తప్పు పట్టలేను. నేను ఇళ్ళు చూపించే బ్రోకర్ని. బాల్కనీలోంచి హుస్సేన్‌సాగర్ కనిపిస్తుందని చెప్పి పంజాగుట్టలో ఒక కుటుంబానికి ఫ్లాట్ ఇప్పించాను. కనిపిస్తుంది కూడా, ఎదురింటి వాళ్ళు హాల్లో తగిలించిన క్యాలెండర్లో. పాలలో తోడు వేసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కితే, పంజాగుట్ట సిగ్నల్ దాటేసరికి గడ్డపెరుగు అయిందని నేను చెబితే మా వీధిలో సగం మంది నమ్ముతారు. మిగతా సగం ఆ పెరుగు తామూ తిన్నామంటారు. అక్క మాత్రం, "తోడు ఎంత ఏసినవ్?" అని అడుగుతుంది.

అలాంటి మనిషి ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్ వలలో పడింది.

మన తెలుగులో తీసిందే. ఫోన్లో వచ్చేది. భూమి నుంచి బయల్దేరిన అంతరిక్ష నౌక ఒకటి ఏదో గ్రహం తాలూకు మంచు చందమామ మీద దిగి చిక్కుకుపోతుంది. ఆ నౌక నడవా చూస్తే ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి వెళ్ళే దారిలా ఉండేది. మంచు థర్మాకోల్ అని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. వింత జీవులు రెయిన్‌కోట్లు తిరగేసి తొడుక్కుని వచ్చేవి, ఒకదానికి జేబు బయటికి వేలాడుతూ ఉండేది. నేను మొదటి భాగం చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. అక్క నవ్వలేదు. ఎందుకంటే ఆ నౌకలో ఒకామె ఉంది.

యాభై దాటిన మనిషి. నౌకలో గాలి యంత్రాలు చూసుకోవడం ఆమె పని. ఆమెకో పేరు పెట్టారు గాని, అక్క ఎప్పుడూ గాలామె అనే అనేది. కెప్టెన్ నున్నగా గడ్డం గీసుకుని మానవజాతి భవిష్యత్తు గురించి డైలాగులు కొడుతుంటే, వెనక ఎక్కడో ఈమె స్పానర్ పట్టుకుని గొట్టాలు బిగిస్తూ ఉండేది. సరుకుల లెక్కలు చూసే ఒకాయనతో రోజూ తగాదా. ఆయన మంచం పైన పోయే గొట్టం టకటకమంటుందని ఆయన, మీరు దాని మీద తువ్వాలు ఆరేస్తే మోగక ఏం చేస్తుందని ఈమె. తిట్టుకుంటూ వచ్చి బిగించి పోయేది. ఆమె ఒక్క పూట పని మానేస్తే అందరూ ఊపిరాడక పోతారు, ఆ సంగతి నౌకలో ఒక్కడికీ పట్టదు. అక్కకు మాత్రం ప్రతి భాగంలో అదే కనిపించేది.

రెండో సీజన్ చివర్లో నౌక బయట ఏదో చెడిపోతుంది. బాగుచేయడానికి ఇంకెవరు, గాలామే వెళుతుంది. మంచు తుఫాను ముంచుకొస్తుంది. కెప్టెన్ తలుపు మూసెయ్యమంటాడు. మూసేస్తారు. బయటి నుంచి ఆమె అరచెయ్యి తలుపు అద్దం మీద పడుతుంది. లోపల అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అంతే, తెర మీద పేర్లు పడతాయి. మూడో సీజన్ రాలేదు. తీసినవాళ్ళు ఇక తీసేది లేదని చెప్పేశారు.

"మరి తలుపు తీసిన్రా?" అని అక్క ఆ రోజే అడిగింది. ఏడాదిన్నర పాటు అడుగుతూనే ఉంది. గాలామె బతికిందా చచ్చిందా అని ఎన్నడూ అడగలేదు. తీసిన్రా, తీస్తే ఎవరు తీసిన్రు. అదొక్కటే.

ఎందుకో నాకు తెలుసు. అక్క ఎస్.ఆర్. నగర్లో లేడీస్ హాస్టల్ నడిపింది, చాలా ఏళ్ళు. బిల్డింగ్ ఇంకొకరిది, కష్టం ఈమెది. మోటర్ కాలిపోతే అక్క, గీజర్ రాకపోతే అక్క, పరీక్ష పోయిందని ఎవరన్నా అన్నం మానేస్తే కంచం పట్టుకుని మెట్లెక్కేది అక్క. ఒక రోజు ఓనర్ బిల్డింగ్‌ని కొత్త మేనేజ్‌మెంట్‌కి ఇచ్చేశాడు. తాళాలు అప్పజెప్పి బయటికొచ్చాక, మామిడికాయ తొక్కు జాడీ వంటింట్లోనే మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి గేటు బెల్లు కొట్టింది. పై బాల్కనీల్లో పిల్లలు నిలబడి ఉన్నారు. జ్వరమొస్తే ఈమె జావ కాచి పోసిన పిల్లలే. చూశారు. లోపలికి ఎవర్నీ రానివ్వొద్దని కొత్త మేనేజర్ చెప్పాడట. ఒక్కరూ దిగి రాలేదు. ఈ సంగతి అక్క నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. అదీ ఏదో ఆ ఏడు తొక్కు బాగా కుదిరింది, పోయిందే అన్నట్టు చెప్పింది.

నేను ఊరుకునే రకం కాదు గదా. అక్క అడిగినప్పుడల్లా ఒక కథ కట్టేవాణ్ణి. గాలామె నౌక కింద పాక్కుంటూ పోయి, మురికినీళ్ళ పైపులో దూరి, వంటగది సింకులోంచి తల బయట పెట్టిందని ఒకసారి చెప్పాను. మంచు జీవులు ఆమెకు చీర పెట్టి, బొట్టు పెట్టి, సర్పంచ్‌ని చేసుకున్నాయని ఇంకోసారి చెప్పాను. ఆ సర్పంచ్ కథ మా అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర మస్తుగా నడిచింది. అక్క దగ్గర నడవలేదు.

"నీ కతలు నేను లంగ ఓణీల నుంచి ఇంటున్న. నాకు అసలుది గావాలె. సిరీస్ తీసినోళ్ళు ఏం చెప్పిన్రో గది గావాలె," అంది.

అప్పుడొచ్చింది నవల కబురు. సిరీస్ తీసిన కంపెనీ వాళ్ళు మిగిలిన కథను పుస్తకంగా తెస్తున్నారు. అట్ట మీద గుండ్రటి ముద్ర, అందులో 'అధికారిక నవల' అని. ఆ ముద్ర బొమ్మ ఫోన్లో చూపిస్తే అక్క దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. పంచాయతీ ఆఫీసులో కాగితం మీద ముద్ర పడితే మా నాయన చూసిన చూపు అది.

ఆ పుస్తకం రాసే పని కంపెనీ వాళ్ళు ఎవరికిచ్చారో తెలిసినప్పుడు మాత్రం నా బ్రోకర్ మనసు కొంచెం కీడు శంకించింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే ఒక సారుకి ఇచ్చారు. కోర్సు ఏదైనా సరే, అంత లావు మెటీరియల్ వారం తిరక్కుండా దించగలడని ఆయనకు పేరు. కథలు రాసేవాళ్ళు మన ఊళ్ళో ఇంతమంది ఉండగా మెటీరియల్ సారెందుకంటే, కథలు రాసేవాళ్ళు టైమ్‌కి ఇవ్వరట. ఇది మాత్రం నిజమే, నేను ఒప్పుకుంటాను.

పుస్తకం ఆవిష్కరణ పంజాగుట్టలో ఒక హాల్లో పెట్టారు. సరిగ్గా ఆ వారమే అక్కకు కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు, పూటపూటకూ చుక్కలు, ఫోన్ చూడొద్దు, చదవొద్దు. అందుకని నన్ను పంపింది.

ఇక్కడ డెమో అనే దాని గురించి చెప్పాలి. అమీర్‌పేటలో కోర్సులో చేరే ముందు ఒక క్లాసు ఊరికే చెబుతారు. దాన్నే డెమో అంటారు. ఆ ఒక్క క్లాసు చెప్పే సారు సింహం. కంప్యూటర్ అంటే కరెంటు పెట్టె అనుకునేవాడు కూడా ఆ క్లాసు విని రేపే అమెరికా వాడు ఫోన్ చేస్తాడనుకుంటాడు. ఫీజు కట్టేసి మర్నాడు వెళితే లోపల ఇంకో సారు ఉంటాడు. ఈయన బోర్డుతో మాట్లాడతాడు. సింహం పక్క గదిలో ఇంకో డెమోలో గర్జిస్తూ ఉంటుంది, గోడ ఇవతలికి వినిపిస్తూ ఉంటుంది. ఈ పద్ధతి తెలిసీ తెలిసీ నేను పోయి ముందు వరసలో కూర్చున్నాను.

సారు లేచి మొదటి అధ్యాయం చదివాడు. ఏం చెప్పను. గాలామె బయట నిలబడి ఉంది. అద్దం మీద పెట్టిన అరచెయ్యి చుట్టూ మంచు పూత కడుతోంది. శిరస్త్రాణం లోపల తన ఊపిరే తనకు వినిపిస్తోంది, ఆ ఊపిరి ఎన్నిసార్లు తీసుకోవచ్చో ఈ లోకంలో ఆమెకు ఒక్కదానికే తెలుసు. లోపలి మొహాల్లో ఒక్కొక్కదాన్నీ ఆమె చూస్తోంది, ఎవరి గదికి గాలి ఏ గొట్టంలోంచి పోతుందో తలుచుకుంటోంది. హాల్లో ఎవరూ కదల్లేదు. నేను అబద్ధం మీద బతికేవాణ్ణి. అబద్ధం బాగుంటే చేతులెత్తి మొక్కుతాను. మొక్కినంత పని చేసి, పుస్తకం కొని, సారు సంతకం పెట్టించుకుని, తిన్నగా అక్క ఇంటికొచ్చాను. ఇదే అసలుదక్కా, నా కతలన్నీ దీని ముందు దిగదుడుపే అన్నాను. నేను అలా అనడం ఆమె ఎన్నడూ వినలేదు. కిటికీ పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"చేతులు కడుక్కొని వట్టుకో పుస్తకం," అంది.

మొదటి అధ్యాయం చదివాను. అక్క మధ్యలో ఒక్క మాట అడగలేదు. కళ్ళద్దాల కిందుగా చెంప మీదికి నీళ్ళు జారితే, చుక్కల మందు కారుతోందంది. ఇంకా మందు వేసే టైమ్ కాలేదు.

రెండో అధ్యాయం ఇలా మొదలైంది: "అంతరిక్ష నౌక అనగా అంతరిక్షమునందు ప్రయాణించు నౌక. దీని వలన ప్రయోజనములు అనేకము. వీటిని ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం."

చూశాం. ప్రయోజనములు అయిపోయాక పరిమితులు వచ్చాయి. ఆ తర్వాత నౌక భాగములు వచ్చాయి. అధ్యాయం చివర 'గుర్తుంచుకోవలసిన అంశాలు' అని డబ్బా కట్టి మరీ ఉంది. అక్క, రేపు పరీక్ష ఏమన్న ఉన్నదా అని అడిగింది.

సింహం పక్క గదికి వెళ్ళిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది. అక్కతో అనలేదు.

మూడో అధ్యాయంలో కెప్టెన్ అవివాహితుడు. ఐదులో ఇద్దరు పిల్లల తండ్రి, ఫొటో చూసి కళ్ళు తుడుచుకుంటాడు. ఏడులో కొత్తగా వచ్చిన డాక్టరమ్మతో ప్రేమలో పడ్డాడు. గీని సంగతి ఇంట్ల తెలుసా అంది అక్క. మంచు చందమామ మీద ఆరో అధ్యాయంలో "ఎండ తీవ్రముగా ఉండుటచే" అందరూ చెమటలు తుడుచుకున్నారు. తుఫాను ఏమైందో తెలియదు, బహుశా అది వేరే బ్యాచ్.

నాలుగో అధ్యాయం మాత్రం నేను జన్మలో మరిచిపోను. వింత జీవుల రాజు నౌక వాళ్ళను బందీలుగా పట్టుకుని చంపబోతాడు. చంపేముందు సింహాసనం మీద ముందుకు వంగి, "మీ గురించి చెప్పండి," అంటాడు. తర్వాత మీ బలములు ఏవి, బలహీనతలు ఏవి. ఆ తర్వాత ఒక రాతపరీక్ష. అందులో నెగ్గినవాళ్ళకు టెక్నికల్ రౌండ్, చివర్న వింత జీవుల హెచ్‌ఆర్ వచ్చి, వచ్చే ఐదేళ్ళలో మిమ్మల్ని మీరు ఏ గ్రహం మీద చూసుకుంటున్నారని అడుగుతుంది. కెప్టెన్ మూడో రౌండ్లో తప్పుతాడు. రాజు, మేమే కబురు చేస్తాం, వెళ్ళండి అంటాడు. బందీలను అలా వదిలేసిన రాజును నేను ఏ పురాణంలోనూ వినలేదు. ఆ అధ్యాయం రాసినవాడు ఎవడో గాని పాపం, అప్పటికి చాలా ఆఫీసుల నుంచి ఆ మాటే విని ఉంటాడు.

ఇంకో అధ్యాయంలో నౌకలో పొద్దున్నే బాత్రూమ్ ముందు లైన్. లోపలున్నవాడు రాడు, బయటివాళ్ళు తలుపు కొడతారు, ఒకడు బకెట్ ముందు పెట్టి తన వంతు కాపాడుకుని టిఫిన్‌కు పోతాడు. అందులో ప్రాణం ఉంది. మా ఎస్.ఆర్. నగర్ హాస్టల్ ముచ్చటిది అని అక్క మొదటిసారి నవ్వింది. నవ్వి, మరి గాలామె ఏదిరా అంది.

అదే కదా. గాలామె లేదు. మొదటి అధ్యాయంలో అద్దం మీద చెయ్యి పెట్టిన మనిషి, మళ్ళీ ఎక్కడా రాలేదు. నేను వస్తది, వస్తది అంటూ చదువుతూ పోయాను. ఎనిమిది అయిపోయింది. దాని తర్వాత పది ఉంది. తొమ్మిది లేదు. అచ్చు తప్పు అనుకున్నాను. చివరి పేజీలు ముందే తిప్పి చూశాను. నౌక భూమికి వచ్చేస్తుంది, పూలదండలు పడతాయి, "అందరూ సుఖముగా ఉండిరి" అని ముగుస్తుంది. గాలామె మాటే లేదు.

అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుని వింటోంది. ఆమెకు పేజీ కనిపించదు. ఇంత మంచి అవకాశం ఏ అబద్ధాలవాడికీ దేవుడు ఇవ్వడు. గొంతు సవరించుకుని, పుస్తకంలోకి చూస్తూ మొదలుపెట్టాను. అద్దం మీద మంచు మందమైంది, గాలామె స్పానర్ తీసి తలుపు మీద కొట్టింది, ఆ చప్పుడు గొట్టాల వెంట పాకి నౌకంతా వినిపించింది, నిద్రలో ఉన్నవాళ్ళ మంచాల కింద కూడా...

"ఆగు," అంది అక్క.

ఆగాను.

"గిది బాగున్నది. పుస్తకంల లేదు గిది. ఉన్నది చదువు."

దొంగతనం చేసి దొరికిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. బాగా చెప్పి దొరికిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉన్నది చదివాను. దండలు చదివాను, సుఖముగా ఉండిరి చదివాను. చదివి పుస్తకం మూశాను.

"అందరూ అంటే?" అంది. "ఆమె సుత ఉన్నదా అందరిల?"

"రాయలే అక్కా."

"తలుపు తీసినట్టు సుత రాయలే."

"రాయలే."

అక్క కంట్లో చుక్కలు వేయమంది. వేశాను. అన్నం పెట్టుకో అంటే ఆకలి లేదంది. ఈ పుస్తకం రాసినవాణ్ణి తిట్టడానికి నాకు మాటలు కరువా, తిట్టడం మొదలుపెట్టాను. ఆమె విన్లేదు. కాసేపటికి, వాళ్ళ ఆఫీసు అడ్రస్ ఎనక అట్ట మీద ఉంటది, చదువు అంది. చదివాను. సారు కోర్సులు చెప్పే చోటే, మా మెట్రో స్టేషన్ వెనక గల్లీ.

డాక్టరు బయట తిరగొద్దన్నాడు, దుమ్ము పడుతుందన్నాను. అమీర్‌పేటలో దుమ్ము పడని కన్ను ఎవరికున్నదిరా అంది.

మర్నాడు పదకొండింటికి వెళ్ళాం. మూడో అంతస్తు. మెట్ల మీద ఒక్కో మెట్టుకీ ఒక్కో కోర్సు స్టిక్కర్. అక్క నా మోచెయ్యి పట్టుకుని ఎక్కింది. ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు ఆమె చేతిలో పాంప్లెట్ పెట్టారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలామె చేతిలో కూడా పెట్టారు. ఆశ అంటే అది. రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. సారు ఒక డెమో ముగించుకుని, ఇంకో డెమోకు నీళ్ళు తాగుతూ వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మర్యాద తెలిసినవాడు.

"చెప్పండమ్మా, ఏ కోర్సండీ? మీ పాపకా, బాబుకా?" అన్నాడు.

నేను పుస్తకం చూపించాను. ఆయన మొహం వెలిగింది. సంతకం కోసం పెన్ను తీశాడు. ఉందండీ మీ సంతకం, తొమ్మిదో అధ్యాయమే లేదు అన్నాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. ఎంతో గర్వంగా పద్ధతంతా వివరించాడు. మొదటి అధ్యాయం ఆయన స్వయంగా రాశాడు. నెల్లాళ్ళు కూర్చుని రాశాడట. నిజమే అయి ఉంటుంది. మిగతావి తన బ్యాచ్ వాళ్ళకు తలా ఒకటి ప్రాజెక్ట్‌గా ఇచ్చాడు. ఎవరి మాడ్యూల్ వాళ్ళు చేస్తే చివర్లో కలిపేయడమే, పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తాయట.

వాళ్ళంతా సిరీస్ చూశారా అని అడిగాను. సినాప్సిస్ ఇచ్చామండీ అన్నాడు.

"మరి తొమ్మిది?"

"అందులోనే ఉందండీ మీరడిగే లేడీ క్యారెక్టర్. ఆ చాప్టర్ రాసే కుర్రాడికి మధ్యలో ప్లేస్‌మెంట్ వచ్చేసింది. బెంగళూరు వెళ్ళిపోయాడు." సారు గోడ వైపు చూపించాడు. నిజంగానే అక్కడ ఆ కుర్రాడి ఫొటో ఉంది, కింద 'మా విజయం' అని రాసి.

ఒకామె మంచులో బయట నిలబడి ఉంటే, లోపలికి తీసుకురావాల్సినవాడికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. నేను నా జన్మలో ఇంత అబద్ధం కట్టలేను. కట్టినా నన్నెవరూ నమ్మరు.

ఇంకొకరితో రాయించలేదేమని అడిగితే, అప్పటికే తొమ్మిది లేకుండా ఇండెక్స్ ప్రింటైపోయిందండీ అన్నాడు.

అప్పటిదాకా అక్క పాంప్లెట్లన్నీ ఒళ్ళో ఒద్దికగా పేర్చుకుని కూర్చుంది.

"సారూ, గదంత ఇడిసిపెట్టు," అంది. "గా తలుపు ఎవరు తీసిన్రు?"

"మీకు ఎవరు తీస్తే బాగుంటుందమ్మా?"

"నాకు ఎవరు తీస్తే బాగుంటదని అడుగుతలేను. తీసిందెవరని అడుగుతున్న. నీ పుస్తకానికి ముద్ర ఉన్నది గద. నువ్వు చెప్తే అసలుదే అయితది."

సారు గడియారం చూశాడు. అవతల గదిలో కుర్చీలు జరుగుతున్న చప్పుడు.

"కెప్టెన్ తీశాడండీ," అన్నాడు.

"మూయమన్నది ఆయననే."

"మనసు మారిందండీ."

"ఎందుకు మారింది?"

"హీరో కదమ్మా."

అక్క తల అడ్డంగా ఊపింది. పోనీ అందరూ కలిసి తీశారనుకుందామా అన్నాడు సారు. అందరు కలిసి మూస్తరు గాని, కలిసి తియ్యరు అంది అక్క. ఆ మాటకు ఆయన చేతిలో నీళ్ళ సీసా కింద పెట్టాడు. మొదటి అధ్యాయం ఆయనే రాశాడని నాకు ఆ క్షణాన పూర్తిగా నమ్మకం కుదిరింది. పాపం, ఆయనకూ తెలుసుకోవాలనే ఉంది. కాని ఆయనకు వచ్చింది డెమో ఒక్కటే.

ఇంతసేపు నా నోరు మూతపడి ఉండడం మా వంశంలో ఎవరూ చూసి ఉండరు. అక్క నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పురా."

"నా కతలు నీకొద్దు గద."

"సారు ముంగట చెప్పు. ఆయన ఒప్పుకుంటే అసలుదైతది."

సారు సరేనన్నట్టు తల ఊపాడు. ఎలాగోలా గండం గడిస్తే చాలన్నట్టుంది ఆయన వాలకం. నేను నోరు తెరిచాను. సింకులోంచి వచ్చే కథ నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది. సర్పంచ్ కథ అసలు రానే లేదు. ఇన్నేళ్ళు ఎన్ని చెప్పినా ఏ బాధా లేదు, ఎవరూ నమ్మరు కాబట్టి. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు నిజమైపోతుంది. ఆ నౌకలో మొహాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. జాలి గలవాళ్ళను వెతికాను, ధైర్యం గలవాళ్ళను వెతికాను. ఒక్కడూ దొరకలేదు. వాళ్ళందరూ ఎస్.ఆర్. నగర్ బాల్కనీలోనే నిలబడి ఉన్నారు.

"తలుపు మూసినంక ఎవని గదికి వాడు పోయిండక్కా," అన్నాను. "ఎవ్వరు మాట్లాడలే. సరుకులాయన సుత పోయి పండుకున్నడు. ఆయన మంచం మీద గొట్టం టకటక షురువైంది. రోజు మోగుతది, రోజు గామె వచ్చి తిట్టుకుంట బిగిస్తది. గీ రోజు ఎవరు బిగిస్తరు? దుప్పటి కప్పుకున్నడు. చెవుల్ల దూది పెట్టుకున్నడు. ఎటు పొర్లినా టకటక. ఆఖరికి లేసి, గామెను తిట్టుకుంట తిట్టుకుంట పోయి, తలుపు తీసిండు."

"జాలి పడి కాదా?"

"కాదు. నిద్ర వడ్తలేదని."

అక్క నల్ల కళ్ళద్దాల వెనక ఏముందో నాకు కనిపించలేదు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతోంది. గీజర్ రాకుంటే గాని ఏ పిల్ల నా తలుపు కొట్టకపోతుండె అంది. ఇంకొంచెం నవ్వి, కళ్ళద్దాల కిందుగా కొంగుతో ఒత్తుకుంది.

"గిది నమ్మొచ్చు," అంది. "ఏం సారూ, అసలుదేనా?"

"అసలుదేనండీ," అన్నాడు సారు. ఆయన మొహం మళ్ళీ వెలిగింది. జేబులోంచి పెన్ను తీసి, సెకండ్ ఎడిషన్లో తొమ్మిదో చాప్టర్‌గా పెట్టేద్దామని, సాయంత్రం బ్యాచ్‌లో ఒకరికి ఇచ్చేస్తానని, రెండు రోజుల్లో మెటీరియల్ రెడీ అయిపోతుందని చెప్పాడు.

"రాయకు," అంది అక్క.

"అదేంటమ్మా?"

"నువ్వు ఒప్పుకున్నవ్. గంతే చాలు. రాస్తే ఖరాబైతది."

"రాయకపోతే ఎవరికి తెలుస్తుందండీ మరి?"

"నాకు తెల్సింది గద," అని అక్క లేచింది. పాంప్లెట్లన్నీ ఆయన టేబుల్ మీద పెట్టి, పుస్తకం కూడా వాటి పైన పెట్టింది. నేను సంతకం ఉందక్కా అన్నాను. ఉండనియ్యి, ఆయనదే గద అంది.

మెట్లు దిగుతుంటే నా మోచేతి మీద ఆమె చెయ్యి కాస్త తేలికగా ఉంది. మొదటి అంతస్తు మలుపులో ఆగింది. కింద బజారు రొద, బస్సుల హారన్లు, ఎవరో మైకులో కొత్త బ్యాచ్ రేపటి నుంచి అని అరుస్తున్నాడు. అక్క ఏదో ఆలోచిస్తోంది.

"లోపలికొచ్చినంక గామె ఏం చేసింది? గొట్టం బిగించిందా?" అంది.

"బిగించదా మరి. గందుకే గద తీసిండు."

"జల్ది బిగించొద్దని చెప్పు గామెకు. వాణ్ణి జర సతాయించనియ్యి."

సరేనన్నాను. అక్క చూపు ఇప్పుడు బాగైంది, ఫోన్లో ఇంకేదో సిరీస్ చూస్తోంది. అప్పుడప్పుడూ మధ్యలో ఆపి, ఏమాయెరా గొట్టం అని అడుగుతుంది. స్పానర్ దొరుకుతలేదంటున్నదక్కా అని చెబుతాను.